పళ్ళ మేస్త్రీ గేమ్ పెట్టె

మా బావ కట్టుడు పళ్ళు చేస్తాడు. పంటి డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటిలో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు పేర్చి తిరిగి పంపడం ఆయన పని. వీధిలో అందరూ పళ్ళ మేస్త్రీ అంటారు. ఇన్ని నోళ్ళు బాగుచేసిన మనిషికి తన నోట్లో మాత్రం నాలుక లేదు. నేను వాళ్ళింటి మేడమీది గదిలో ఉంటూ, కింద మా అక్క చేతి భోజనం తింటూ వస్తున్నాను. ఆ ఇంట్లో మాటలన్నీ అక్కవీ నావీ అని గట్టిగా చెప్పగలను.

బావ మనుషుల మొహాలు గుర్తుపెట్టుకోడు. దారిలో ఎవరైనా పెద్దమనిషి నవ్వితే ఆగిపోయి, ఆ నవ్వు అయిపోయేదాకా చూసి, "కింది వరస నేను చేసిందే" అంటాడు. ఆ పెద్దమనిషి పేరేమిటో, ఎందుకు నవ్వాడో ఆయనకు అక్కర్లేదు. పళ్ళు కొరికితే పళ్ళు అరిగిపోతాయని వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు. ఏదైనా పనిలో నిజంగా మునిగితే మాత్రం తన దవడ తిరగలిలా తిరుగుతుంది. ఆ చప్పుడు పక్కగదిలోకి కూడా వినిపిస్తుంది.

ఈయనకో పిచ్చి ఉంది. మా చిన్నప్పటి వీడియో గేముల్లాంటిది, రెండు చేతుల్లో పట్టుకుని ఆడేది, తనే సొంతంగా ఒకటి తయారుచేశాడు. లోపలి బోర్డూ చిన్న తెరా కొన్నవే. పైడొప్ప మాత్రం కట్టుడు పళ్ళ చిగుళ్ళకు వాడే గులాబీరంగు ముద్దతో పోశాడు. బొత్తాలు పళ్ళు చేసే తెల్లటి సరుకుతో చేశాడు. దూరం నుంచి చూస్తే ఎవరో తమ నోరు బల్లమీద మరిచిపోయి వెళ్ళినట్టుండేది.

"అన్నాల దగ్గర ఆ చిగుళ్ళు తీసి అవతల పెట్టండి" అని అక్క మొదట్లో రోజూ గొడవపడేది. తర్వాత ఆ చిగుళ్ళు ఆవిడ చేతుల్లోంచి దిగేవి కావు.

ఆట కూడా బావ రాసిందే. పైకప్పు కారుతుంటుంది, చినుకులు పడుతుంటాయి, కింద బకెట్‌ను అటూ ఇటూ జరుపుతూ వాటిని పట్టాలి. మూడు చినుకులు నేలమీద పడ్డాయా, ఆట అయిపోయినట్టే. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ వంతులవారీగా ఆడేవాళ్ళు. ఆట రాసినవాడు బావ, గెలిచేది అక్క. అక్క పగలంతా కొరియర్ ఆఫీసులో పార్శిళ్ళు కట్టే మనిషి, వేళ్ళంటే వేళ్ళే. ఆవిడ రికార్డు తెరమీద పైన కూర్చుని ఉండేది. బావ దవడ ఎంత తిరిగినా దాని దరిదాపులకు పోలేకపోయాడు. ఓడిపోయినప్పుడల్లా "చివర్లో జారిపోయింది" అనేవాడు. అక్క ఆ మాట వినడానికే ఆడేదని నా అనుమానం.

అలాంటి అక్క ఒకరోజు ఆట మానేసింది. "విసుగొచ్చింది. చిన్నపిల్లల ఆట" అంది. నేను నమ్మాను. సీసా మూత బిగుసుకుపోయింది, తియ్యమని నా ముందు పెట్టినప్పుడు కూడా నమ్మాను. మూతేమీ బిగుసుకుపోలేదు, ఇట్టే వచ్చింది. పెద్దగా ఆలోచించే బుర్ర కాదు నాది.

బావ మాత్రం చూస్తూనే ఉన్నాడు. పొద్దున్న ఆవిడ వేణ్ణీళ్ళ గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. అడగకుండా నిలబడే మనిషికి జవాబు చెప్పక తప్పదు.

"కీళ్ళవాతం" అంది అక్క. "డాక్టరు చెప్పి నెల దాటింది. మందులు వేసుకుంటున్నాను. ఆఫీసులో చూసుకునే పని ఇచ్చారు, కట్టే పని లేదు. ఇద్దరికీ ఒకే మాట చెప్తున్నాను. నామీద జాలిపడితే మాత్రం ఊరుకోను."

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. అందుకని ఇద్దరం నోరు మూసుకున్నాం. బావకు అది కొత్తేమీ కాదు.

ఆ వారంలోనే బావ పెట్టె అడుగుభాగం కోసి అక్కడొక సాకెట్ బిగించాడు. దానికి వేరే ముక్కలు చేసి తగిలిస్తానన్నాడు. మొదటి ముక్క రేడియో. తగిలిస్తే వార్తలొచ్చాయి. రెండోది టార్చి.

"ఇంట్లో రేడియో ఉంది, టార్చీ ఉంది. ఇప్పుడీ చిగుళ్ళక్కూడా ఎందుకు బావా?" అన్నాను.

"మాటిమాటికీ పెట్టె విప్పక్కర్లేదు. ఏ ముక్క కావాలంటే అది తగిలించుకోవచ్చు, వద్దంటే పీకేయొచ్చు" అన్నాడు. ఆ సంవత్సరం ఆయన మాట్లాడినవాటిలో అంత పొడుగు మాట నేను వినలేదు.

మూడో ముక్క చేస్తున్నప్పుడు నేను ల్యాబ్‌కు వెళ్ళాను. ల్యాబ్ అంటే ఒకే కిటికీ ఉన్న గది. ప్రతి వస్తువు మీదా ప్లాస్టర్ పొడి, గోడ పొడవునా అరల్లో నోళ్ళు తెరుచుకున్న దవడలు. ఆయన ఒళ్ళో గులాబీరంగు చక్రం ఒకటుంది. అరచేయంత వెడల్పు, అంచులు నున్నగా ఉన్నాయి. వేళ్ళతో పని లేదు, అరచెయ్యి ఆనించి తిప్పితే చాలు. తిప్పినవైపు బకెట్ జరుగుతుంది.

"ఇది అక్కకా?"

ఆయన చక్రం మీది పొడి ఊదాడు. "ఎవరికైనా" అన్నాడు. రేడియో, టార్చీ ఎందుకు చేశాడో నాకప్పుడు అర్థమైంది. ఈ చక్రం ఒక్కటే చేసిపెడితే అక్క దాన్ని కిటికీలోంచి విసిరేసేది. మూడింటిలో ఒకటిగా ఉంటే జాలి కనపడదని ఆయన ఎత్తు.

ఆ రాత్రి భోజనాలయ్యాక అక్క ఎదుటే తగిలించాడు. తెరమీద బకెట్ కనపడబోతూ చటుక్కున మాయమైంది. అడుగు నుంచి పొగ, వెనకే కాలిన చిగుళ్ళ వాసన. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు బావ ముక్క పీకేశాడు గానీ అప్పటికే బోర్డు బూడిదైంది.

తప్పెక్కడ జరిగిందో తర్వాత తేలింది. ఆ తప్పు పళ్ళు చేసేవాళ్ళు తప్ప ఇంకొకరు చెయ్యరు. అచ్చు ఎప్పుడూ ఎదుటిమనిషిలా మన వైపు తిరిగి ఉంటుంది. దాని కుడి మనకు ఎడమ. బావ ఇన్నేళ్ళూ కుడి అంటే ఎదుటి నోటి కుడే అనుకుంటూ బతికాడు. పెట్టెనూ, రేడియోనూ, టార్చినీ అలాగే బల్లమీద ఎదురుగా పెట్టుకుని చేశాడు కాబట్టి వాటి కరెంటు పిన్నులు ఒకదానికొకటి సరిపోయాయి. చక్రాన్ని మాత్రం అక్క చేతుల్లో ఎలా కూర్చుంటుందో చూసుకోవాలని తన ఒళ్ళో పెట్టుకుని, తనే అక్క అయిపోయి చేశాడు. అప్పుడు కుడి అంటే తన కుడి అయింది. కరెంటు వెళ్ళకూడని పిన్నులోకి వెళ్ళింది.

ఇదంతా అప్పుడెవరికీ తెలీదు. అక్క ఆ నల్లటి తెర వంక చూసి ఒకే మాట అడిగింది.

"నా రికార్డు?"

రికార్డు ఆ బోర్డులోనే ఉండేది. బావ తల అడ్డంగా ఊపాడు. చిన్నపిల్లల ఆట అన్న మనిషి లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది. నాకు బావ మీద కోపమొచ్చింది, ఆయన మొహం చూస్తే ఏడుపూ వచ్చింది. కాసేపటికి కోపం పోయింది.

కొత్త బోర్డు వచ్చింది. ఈసారి ముక్క తిరగబడి కూర్చోకుండా సాకెట్ పక్కన ఒక గాడి, ప్రతి ముక్కకూ ఆ గాడిలో పట్టే ఒక పన్నూ చేశాడు. పిన్నులన్నీ సరిచూసి అక్క గోళ్ళరంగు సీసా అడిగి తీసుకుని, కరెంటు పిన్ను దగ్గర అన్నిటికీ ఎర్రచుక్క పెట్టాడు. అంతటితో ఊరుకోక, అక్క పాత రికార్డు అంకె తనకు కంఠతా వచ్చు కాబట్టి, దాన్ని కొత్త బోర్డులో ఎక్కించాడు. పెట్టె వెలగ్గానే పైన అదే అంకె.

అక్క దాన్ని చూసింది. "ఇది నేను ఆడి తెచ్చుకున్నది కాదుగా. కట్టుడు పళ్ళు మీ రోగులకివ్వండి, కట్టుడు రికార్డు నాకొద్దు. సున్నా పెట్టండి."

బావ సున్నా పెట్టాడు. అక్క చక్రం మీద అరచెయ్యి ఆనించింది. చెయ్యి ఒకవైపు పోతే బకెట్ ఇంకోవైపు పోయినట్టు తడబడింది, మూడు చినుకులూ టపటపా నేలరాలాయి. తర్వాత బావ చక్రం పీకి, బొత్తాలతో ఆడి, అంతకన్నా తక్కువకు అవుటయ్యాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అక్కకేదో కొత్త చెయ్యి కుదిరిందని నేను సంబరపడ్డాను. నా సంగతి చెప్పానుగా.

నాలుగోరోజు అక్క పెట్టె బల్లమీద పెట్టేసింది.

"మీ పళ్ళు చప్పుడు చెయ్యడం లేదండీ" అంది.

బావ తలొంచుకున్నాడు.

"నిజంగా ఆడితే మీ దవడ ఊరుకుంటుందా? మూడు రోజుల్నించీ చూస్తున్నాను. గెలిపించమని నేనడిగానా?" గొంతు పెద్దది చెయ్యలేదు. అందుకే నాకు భయమేసింది. "నా వేళ్ళను జబ్బు తీసుకుంది. ఉన్న ఒక్క ఆటా మీరు తీసుకుంటారా?"

"లేదు" అన్నాడు బావ.

"అక్కా, బావేదో నీ సంతోషం కోసం..." అని నేను మొదలుపెట్టాను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకురా? నువ్వు కంచం తీసుకెళ్ళి కడుక్కో."

నేను కంచం తీసుకుని వెళ్ళాను గానీ కుళాయి తిప్పలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అక్క తన వంతు ఆడింది. ముందు రోజులకన్నా కాస్త మెరుగు, అంతే. పెట్టె బావ వైపు జరిపింది. బావ చక్రం పీకి పక్కన పెట్టి, కుర్చీ ముందుకు లాక్కుని, బొత్తాల మీద బొటనవేళ్ళు ఆనించాడు.

చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత మొదలైంది. ముందు సన్నగా, తర్వాత గట్టిగా. రాత్రిపూట ఎవరో రోట్లో నూరుతున్నట్టు. అక్క తెర వంక చూడటం లేదు. కళ్ళు మూసుకుని ఆ దవడనే వింటోంది. ఆమె అంకె దాటిపోయింది, దానికి రెట్టింపూ దాటింది, ఆయన ఆగలేదు. చివరి చినుకు పడేసరికి బావ నుదురంతా చెమట.

గెలిచినవాడు చెయ్యాల్సినదేమిటో ఆయనకు తెలీదు, ఆ ఇంట్లో అలవాటు లేదుగా. భయంభయంగా అక్క వైపు చూశాడు.

"ఓడిపోయాను" అంది అక్క. నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి ఆవిడ చేతులు ఖాళీగా లేవు, అప్పటికే ముందుకు చాచి ఉన్నాయి. "చివర్లో జారిపోయింది. ఇటివ్వండి. ఆ చక్రం తగిలించండి."

బావ ఎర్రచుక్క చూసుకుని చక్రం తగిలించాడు. అక్క వంకరతిరిగిన వేళ్ళను పక్కకు తప్పించి అరచెయ్యి దానిమీద ఆనించింది. పైకప్పు కారడం మొదలైంది.

కాసేపటికి మళ్ళీ అదే చప్పుడు. నేను బావ వైపు చూశాను. ఆయన నోరు తెరుచుకుని అక్కనే చూస్తున్నాడు. ఈసారి పళ్ళు కొరుకుతున్నది మా అక్క.