నా కొడుకు చెప్పిన సాక్ష్యం

నా కొడుకు పోయాడని చెప్పడానికి పావగడ నుంచి మనిషి వచ్చేసరికి నేను కళ్లంలో వేరుశనక్కాయలు తూర్పార పడుతున్నాను. ఆ మనిషి టీవీఎస్ బండి ఆపి, దిగకుండానే "మీ ఇంటాయన యాడమ్మా?" అన్నాడు. నాతో చెప్పడానికి అతనికి నోరు రావడం లేదని అప్పుడే తెలిసిపోయింది. అయినా చాటలో మిగిలిన కాయలు తూర్పార పట్టాకే చాట కింద పెట్టాను. ఎందుకట్లా చేశానో ఇప్పటికీ అర్థం కాదు.

వాడికి పావగడలో మోటార్లు వైండింగ్ చేసే అంగడి ఉండేది. ఆ పొద్దున కాలిన మోటారు ఒకటి విప్పుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడట. ఆస్పత్రి దాకా కూడా పోలేదు. నలభై ఏళ్లు నిండని మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి.

నేను చదివింది నాలుగో తరగతి, అదీ కన్నడంలో. ఆంధ్రా సరిహద్దుకు ఇవతల కర్ణాటకలో, మంగళవాడ పక్కన మా ఊళ్లో ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్పేది కన్నడం. నా కొడుకూ అట్లానే చదివాడు. కోడలి వాళ్లది ప్రార్థన చేసుకునే ఇల్లు కాబట్టి పెళ్లయ్యాక వాడూ చర్చికి పోసాగాడు. తెలుగు బైబిలు చదవాలని అప్పుడు కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. తనకు వచ్చినవి వచ్చినట్టు మా వాకిట్లో బండ మీద బొగ్గుతో రాసి నాకూ నేర్పాడు.

"ఈ వయసులో నాకెందుకురా?" అంటే, "నీకు కాదమ్మా, నాకు. తప్పు చదివితే నవ్వేదానికి ఇంట్లో ఒకరు కావల్ల గదా" అనేవాడు. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే వాడి వల్లనే. తప్పులుంటే మీరు సర్దుకుని చదవండి.

అన్నం ముందర కూర్చుంటే కళ్లు మూసుకునేవాడు. మా ఇంటికి వచ్చినా అంతే. సంగటి చల్లారితే బిరుసెక్కుతుందని నా బాధ నాది. వాళ్ల నాయన మాత్రం, "సంగటి ముందర కునుకేసేదేందిరా, తిని పండుకో" అని ఎగతాళి చేసేవాడు. వాడు ఒక కన్ను తెరిచి, "నీ పేరు కూడా చెప్తాండా, ఉండు నాయనా" అనేవాడు. ఏం చెప్పుకునేవాడో మాకు తెలియదు.

నేను మొక్కేది శనిదేవుడికి. శనివారం నేను పావగడకు వస్తే వాడు అంగడి మూసి, నన్ను సైకిల్ మీద గుడి దాకా తీసుకుపోయేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు. నా చెప్పులు పట్టుకుని బయట నిలబడేవాడు. అంగడి పక్కాయన ఒకసారి చూసి, "ఏంప్పా, రేపు చర్చిలో మీ యేసుసామికి ఏం జవాబు చెప్తావు?" అన్నాడు. "తల్లి చెప్పులు కాసేదానికి ఏ దేవుడూ వద్దనడులేప్పా" అన్నాడు నా కొడుకు. నాకు సంతోషమైంది. రేపు చచ్చాక వాడొక చోటికి, నేనొక చోటికి పోతామేమోనని దిగులూ పడింది. ఆ దిగులు వాడితో ఎప్పుడూ అనలేదు. అని ఉంటే దానికీ ఏదో ఒక జవాబు చెప్పేవాడే.

మోటార్ల గురించి వాడు అనే మాట ఒకటుండేది. వోల్టేజీ లేక మోటారు కాలిపోతే రైతులు దాన్ని తిట్టుకుంటూ మోసుకొచ్చేవారు. "మోటారును తిట్టొద్దప్పా. దానికి చాలినంత కరెంటు రాలేదు, అది లాగీ లాగీ కాలిపోయినాది" అనేవాడు. తర్వాత తర్వాత బోర్లలో నీళ్లే లేకుండా పోయాయి, మోటార్లు తెచ్చేవారూ తగ్గారు. అయినా అంగడి తెరిచి కూర్చునేవాడు.

ఇంక వాడిని సాగనంపిన రోజు సంగతి చెప్పాలి. మావాళ్లలో అయితే సొంత చేనులోనే పూడుస్తాం. వాడిని చర్చివాళ్ల సమాధుల తోటకు తీసుకుపోతామన్నారు. పిల్లలకు దగ్గరుంటుందని నేనూ సరేనన్నాను. పావగడలో వాడి ఇంటి ముందు షామియానా వేసి పెట్టెలో పడుకోబెట్టారు. పాస్టరయ్య పెట్టె పక్కన నిలబడి మాట్లాడాడు.

"మన బ్రదరు మొదట్లో ఎట్లుండె? సారాయికి బానిస. కరువు సంవత్సరంలో ఇంట్లో దాచిన విత్తనకాయలు మోసుకపోయి సారాయంగడిలో పోసినాడు. వాన పడిన రోజు చల్లేదానికి గింజ లేక కన్నతల్లి దున్నే మడకకాడ కూలబడి ఏడ్చింది. అట్లాంటి మనిషిని ప్రభువు మార్చినాడు. ఇది నా మాట కాదు. ఈ బ్రదరే చర్చిలో మన ముందర నిలబడి తన నోటితోనే ఎన్నోసార్లు సాక్ష్యం చెప్పినాడు."

పాస్టరయ్య ఇంకెవరి గురించో మాట్లాడుతున్నాడనుకున్నాను. ఆ వారం ఇంకెవరైనా పోయారేమో, రెండూ కలిపేశాడేమో అనుకున్నాను. కోడలి కొంగు లాగి, "ఎవుర్ని గురించి చెప్తాండాడు?" అని అడిగాను.

"మీ కొడుకు గురించే అత్తా" అంది.

అందరూ తల ఊపుతున్నారు. కొందరు ఏడుస్తున్నారు. నా కొడుకు జన్మలో సారాయి ముట్టలేదు. మడకకాడ కూలబడి ఏడ్చింది మాత్రం నిజం, అది నేనే. విత్తనకాయల మూట మోసుకుపోయింది నా మొగుడు. ఆయన నా పక్కనే చాప మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

లేచి చెప్పాలనిపించింది. ఎట్లా చెప్పను? కొడుకు పెట్టె ముందర తండ్రిని నిలబెట్టి, తాగుబోతు ఈయన అని వేలు చూపించనా? చెప్పకపోతేనేమో నా బిడ్డ తనది కాని పాపాన్ని మోసుకుని మట్టిలోకి పోతాడు. ఇట్లా అనుకుంటూ ఉండగానే పాట మొదలైంది, అందరూ లేచారు. గుంతలో పిడికెడు మన్ను వేసేది వాళ్లలోనూ మాలోనూ ఒకటే. వేసి వచ్చాను.

తర్వాత కోడలిని అడిగాను. "ఆయనే చెప్పేవాడు అత్తా. పెండ్లికి ముందర సంగతి గదా అని నేనెప్పుడూ గుచ్చి అడగలేదు" అంది. పెళ్లానికి కూడా నిజం చెప్పలేదు వాడు.

అప్పటి నుంచి నా మనసు ఒక చోట నిలవడం లేదు. ఒక్కోసారి, నాకు తెలియకుండా తాగాడేమో అనిపిస్తుంది. తాగే మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసిన ముక్కు నాది, కొడుకు దగ్గర వాసన పట్టలేకపోతుందా? వాడి దగ్గర వచ్చింది మోటార్లకు పూసే వార్నీషు వాసన ఒక్కటే. మరి ఎందుకు చెప్పాడు? దేవుడి ఇంట్లో అబద్ధమాడితే ఏమవుతుందో పాస్టరయ్యను అడుగుదామని పోయాను. వాళ్లు కుర్చీ వేసి మంచినీళ్లిచ్చారు. తాగేసి, అడగకుండానే వచ్చేశాను.

ఒకటి గుర్తొస్తోంది. చాలా ఏళ్ల కిందట, చేను ఎండిపోయిన సంవత్సరం, మా ఆయన ఏదో పని మీద ఆదివారం కొడుకును పిలుచుకురావడానికి చర్చికి పోయాడు. ఒక్కడే తిరిగొచ్చాడు. "వాడేడి?" అంటే, "లోపల మాట్లాడతాండాడు" అన్నాడు. ఆ పూట సంగటి ముట్టలేదు. తెల్లవారి అడిగితే, "ఆడ ఫ్యాన్లు బాగుండాయిలే" అన్నాడు. ఆ తర్వాత అప్పుడప్పుడూ ఆదివారం పోయి వాకిలి దగ్గర కూర్చుని వచ్చేవాడు. ఫ్యాను గాలికేమో అనుకున్నాను. తాగుడు మానేశాడు, మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ మానేశాడు. ఇప్పుడు తాగడం లేదు. ఆ రోజు కొడుకు నోట ఏం విన్నాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మరి కొడుకు, తండ్రి విన్నాడని తెలిసే మళ్లీ మళ్లీ చెప్పాడా, తెలియకనే చెప్పాడా? అడగడానికి వాడు లేడు.

మొన్న బడికి సెలవులిస్తే పెద్ద మనవరాలు మా ఊరికి వచ్చింది. ఏడో తరగతి చదువుతోంది. ముగ్గురం పంచలో కూర్చుని వచ్చే వానకారుకు విత్తనం కోసం మంచి కాయలు ఏరుతున్నాం. ఆ పిల్ల తల ఎత్తకుండా అడిగింది.

"అవ్వా, మా నాయన తాగుతా ఉండెనంట. నిజమేనా?"

"ఎవురన్నారు?"

"చర్చిలో అందరికీ తెలుసు. మా క్లాసులో ఒకతి, తాగుబోతు కూతురా అనింది. నేను దానితో మాట్లాడేది ఇడ్సినా."

మా ఆయన చేతులు ఆగిపోయాయి. నేను ఆయన వైపు చూశాను. చెప్తే ఈ పిల్ల తాతను ఏ కంటితో చూస్తుంది? చెప్పకపోతే తండ్రిని ఏ కంటితో తలుచుకుంటుంది? నా కొడుకు ఇన్నేళ్లు కప్పిపెట్టినదాన్ని నేను విప్పడం వాడికి ఇష్టమో కాదో కూడా తెలియదు.

"చెప్పు" అన్నాడు మా ఆయన. "నువ్వే చెప్పు. నాకు నోరు రాదు."

పిల్ల ఆయన వైపు చూసి, మళ్లీ నా వైపు చూసింది.

"మీ నాయన తాగలేదమ్మా" అన్నాను. "తాగింది మీ తాత. కాయలు మోసుకపోయింది మీ తాత. మీ నాయన రోజూ పోయి తాతను ఇంటికి తెచ్చేవాడు."

"మరి నేనే అని ఎందుకు చెప్పినాడు?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. తెలిసిందొక్కటే, అదే చెప్పాను.

అప్పటికి వాడు పదో తరగతి తప్పి పావగడలో వైండింగ్ పని నేర్చుకుంటున్నాడు. మీసం కూడా సరిగా రాలేదు. సాయంత్రం పని కాగానే సారాయంగడికి పోయి, తండ్రిని లేపి సైకిల్ వెనక కూర్చోబెట్టుకునేవాడు. దారిలో జారిపోకుండా ఒక్క టువాలుతో తన నడుముకూ ఆయన నడుముకూ కలిపి గట్టిగా కట్టుకునేవాడు. నేను వాకిట్లో నిలబడి చూసేదాన్ని. బీడు నేలల మధ్య ఎర్రమట్టి దారిలో సైకిల్ ఆ పక్కకూ ఈ పక్కకూ పోతూ వచ్చేది. వెనక పొద్దు గుంకుతుండేది. దూరం నుంచి ఇద్దరూ ఒకే మనిషిలాగా కనిపించేవారు, వాళ్లలో తూలుతున్నది ఎవరో తెలిసేది కాదు.