ఓడలో ఉన్నాయన కోసం ప్రార్థన

థ్రిల్లర్ నవలలు రాసేవాళ్ళు ఒక్కసారైనా మా వైపు సముద్రానికి వచ్చి ఉంటే బాగుండేదని చిన్నప్పుడు నాకు తెగ అనిపించేది. వాళ్ళ నవలల్లో ఓడ దూరంగా కనిపిస్తుంది, మరుసటి వాక్యానికే హీరో ఒడ్డున దిగి సిగరెట్ ముట్టించుకుంటాడు. మా పోర్టుకి వచ్చే ఓడలు అలా కాదు. ఒడ్డుకి దూరంగా రోజుల తరబడి నిలబడే ఉంటాయి. వాటిలో మనుషులున్నారంటే నమ్మబుద్ధి కాదు. ఇంక నీలి సముద్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. మా సముద్రానిది సిమెంటు కలిపిన నీళ్ళ రంగు. నీలం ఎక్కడుందో చూపించండని ఆ రచయితల్ని చెయ్యి పట్టుకుని తీసుకురావాలనిపించేది.

ఈ కోపమంతా ఆరో తరగతి సెలవుల్లో పుట్టింది. అంతకుముందు ఏడాది మా అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. ముత్తుకూరులో ఒక సందులో, రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్ళం. చుట్టుపక్కల గదుల్లో ఎక్కడెక్కడి నుంచో పనికోసం వచ్చిన మగవాళ్ళు. వాళ్ళ భాష మాకు రాదు, మా భాష వాళ్ళకి రాదు. బడి ఉన్నన్నాళ్ళూ ఫరవాలేదు గానీ, సెలవులిచ్చేసరికి నన్ను ఎక్కడ ఉంచాలో నాన్నకి తోచలేదు. అన్నం వండిపెట్టి, బిందెల్లో నీళ్ళు పట్టి, బయట తాళం వేసి డ్యూటీకి పోవడం మొదలుపెట్టాడు.

"నీ మంచికే పాపా. పొద్దుగూకే లోపల వచ్చేస్తా గదా," అనేవాడు. తాళం వేశాక పడిందో లేదో ఒకసారి లాగి చూసేవాడు. ఆ చప్పుడంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

టీవీ పాడైపోయింది. బాగు చేయించే పని రేపు, రేపు అని జరుగుతూ ఉంది. అమ్మ శుక్రవారం ఫోన్ చేస్తుంది, అదీ నాన్న ఫోన్‌కి. రోజంతా ఎవరితోనూ ఒక్క మాట లేకుండా గడిస్తే, సాయంత్రం నాన్న వచ్చి "తిన్నావా" అని అడిగినప్పుడు నా గొంతు బొంగురుగా వచ్చేది. భయం వేసేది కాదు. ఊరికే ఏడుపొచ్చేది, ఎందుకో తెలిసేది కాదు. ఇప్పుడు తెలుసు. అంత ఒంటరితనం ఆ తర్వాత ఎప్పుడూ అనుభవించలేదు నేను, హాస్టల్లో కూడా.

ఒకరోజు అటక మీద ఏముందో చూద్దామని డబ్బా మీద డబ్బా పేర్చి ఎక్కాను. మాకు ముందు అద్దెకున్నవాళ్ళు వదిలేసిన అట్టపెట్టె దొరికింది. దాన్నిండా నవలలు. ప్రతి అట్ట మీదా తుపాకీ, తుపాకీ పక్కన ఒక అమ్మాయి, ఆ అమ్మాయి వెనక ఓడో, మంటలో, పుర్రో. దుమ్ముకి తుమ్ముకుంటూ ఆ పూటే ఒకటి అవగొట్టాను.

అలా వరసగా చదవడంతో నాకు అభిప్రాయాలు తన్నుకొచ్చాయి. చెప్పుకునే మనిషే లేదు. విలన్లంత వాగుడుకాయలు లోకంలో ఉండరని నా మొదటి అభిప్రాయం. తుపాకీ గురిపెట్టాక కాల్చి పోవచ్చు కదా, తన పథకమంతా మొదట్నించీ చెప్పుకొస్తాడు. హీరోకి ఆకలి వెయ్యదు. మూడు దేశాలు తిరిగినా బట్టలు ఉతుక్కోడు. అమ్మాయిని ఎత్తుకుపోయినప్పుడు వాళ్ళింట్లో వాళ్ళు ఏమైపోయారో ఎవరూ రాయరు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇంకోటుంది. ఆ పుస్తకాల్లో ఎవరూ ఎవరికోసమూ ఎదురుచూడరు. "మూడు నెలల తర్వాత" అని రాసేసి, కింద మూడు చుక్కలు పెట్టి, తప్పించుకుంటారు. ఆ మూడు చుక్కల్లో ఉండేది నేను.

హీరో బతుకుతాడా చస్తాడా అన్న బెంగ మాత్రం నాకు ఉండేది కాదు. దానికి నా దగ్గర ఉపాయం ఉంది. చదువుతూ చదువుతూ కుడిచేతి బొటనవేలి కింద ఇంకా ఎన్ని పేజీలున్నాయో తడిమి చూసేదాన్ని. మందంగా ఉంటే బతుకుతాడు. వాణ్ణి మొసళ్ళ మధ్యలో పడేసినా నేను చల్లగా పోయి మంచినీళ్ళు తాగి వచ్చేదాన్ని.

ఆ ఉపాయం ఒక్క పుస్తకంతో బెడిసికొట్టింది. అందులో హీరో గూఢచారి. దొంగబంగారం ఆచూకీ తీస్తూ ఓడలో దూరతాడు. విలన్ అతన్ని అడుగున సరుకులు నింపే గదిలోకి తోసి బయట తాళం వేసేస్తాడు. ఓడ బయలుదేరుతుంది. అతను లోపలున్నట్టు ఇంకెవరికీ తెలీదు. గాలి అయిపోతూ ఉంటుంది. తలుపు బాది బాది అలిసిపోయి, గోడకి ఆనుకుని కూర్చుని, చివరి అగ్గిపుల్ల గీస్తాడు. బొటనవేలి కింద ఒక్క పేజీ కూడా లేదు. "మొదటి భాగం సమాప్తం" అని ఉంది. పెట్టెంతా కుమ్మరించి వెతికాను. రెండో భాగం లేదు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. తర్వాతి రోజులన్నీ అదే ధ్యాస. అగ్గిపుల్ల ఆరిపోయి ఉంటుంది, చీకట్లో కూర్చుని ఉంటాడు, అనుకునేదాన్ని. నేను చెయ్యగలిగింది ఒక్కటే కనిపించింది.

బుధవారం సాయంత్రాలు మా చర్చి సంఘం వాళ్ళు ఇంటింటికీ మార్చి ప్రార్థన కూడిక పెట్టుకునేవాళ్ళు. నాన్న నన్ను అక్కడ దింపి, స్నానం అదీ చేసి చివర్లో వచ్చేవాడు. పాటలయ్యాక, "ప్రార్థన మనవులు ఉంటే చెప్పండి," అని పాస్టరయ్యగారు అడుగుతారు. ఒకరి మోకాళ్ళ నొప్పి, ఒకరి కొడుకు ఉద్యోగం, ఒకరి రొయ్యల చెరువు. కువైట్‌లో ఉన్న మా అమ్మ కోసం ఎప్పుడూ ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. ఆ వారం నేను లేచి నిలబడ్డాను.

"ఒకాయన ఓడలో ఇరుక్కోని ఉన్నాడు. అడుగున. బయట తాళం వేసినారు. గాలి అయిపోతా ఉంది. ఆయన కోసం ప్రార్థన చెయ్యండి."

అక్కడ ఉన్నవాళ్ళలో సగంమంది పోర్టు పనివాళ్ళ ఇళ్ళలోవాళ్ళు. అందరి మొహాలూ పాలిపోయాయి. "అయ్యో దేవా! పేరేంది బిడ్డా?" అన్నారు అయ్యగారు.

"పేరు చెప్పగూడదు," అన్నాను. గూఢచారి కదా, పేరు బయటపెడితే ప్రమాదం.

పేరు బయటికొస్తే పోర్టులో ఎవరి ఉద్యోగానికి ముప్పొస్తుందో అనుకున్నారేమో, పెద్దవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, తలలూపి, ఇంక అడగలేదు. ఆ ప్రార్థన నేను మర్చిపోలేను. అందరూ ఒక్కసారిగా గొంతెత్తారు. కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. తలుపులు తెరిపించు తండ్రీ అని కొందరు, ఊపిరి నిలబెట్టు ప్రభువా అని కొందరు. నేను కళ్ళు మూసుకుని, ఆయనకి ఎట్టకేలకి కాస్త గాలి అందుతున్నట్టు అనుకున్నాను.

తర్వాతి వారాలు కూడా అడిగారు, "బయటపడినాడా?" అని. "ఇంకా తెలీలేదు," అని నిజమే చెప్పాను. ఎవరో మా నాన్ననే అడిగితే, పోర్టులో ఏదో ఒకటి ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది కాబట్టి, "ప్రార్థన చెయ్యండి అన్నా," అన్నాడు.

అందరికన్నా ఎక్కువ బాధపడింది మెయిన్ రోడ్డు మీద పులిసిన పిండితో గుంతపెనంలో పులిబొంగరాలు పోసే అవ్వ. పొద్దునా సాయంత్రం పొయ్యి దగ్గర, ఆదివారం చర్చిలో మొదటి వరసలో, ఆమె బతుకంతా అంతే. ఒకరోజు మధ్యాహ్నం ఎండలో మా సందులోకి వచ్చింది, చేతిలో మూతపెట్టిన గిన్నెతో. తలుపు కొట్టబోయి తాళం చూసి, వెనక్కి తిరుగుతుంటే కిటికీలోంచి పిలిచాను. ఉలిక్కిపడింది.

"లోపల ఉండావా! మీ నాయనేడీ?"

"డ్యూటీకి పోయినాడు."

తాళం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. పులిబొంగరాలు ఒక్కొక్కటే ఊచల మధ్యనుంచి అందించింది. "ఆ బిడ్డ పేరు అడుగుదామని వచ్చినా. నాలుగు శుక్రవారాలుగా ఆయన కోసం ఉపవాసముంటాండా. పేరు లేకుండా ఎట్ట అడిగేది దేవుణ్ణి?"

ఉపవాసమనేసరికి ఇంక దాచలేకపోయాను. పుస్తకం తెచ్చి కిటికీలోంచి చూపించాను. ఆమెకి చదువు రాదు. అట్ట మీది తుపాకీని వేలితో తడిమింది. "కతా?" అంది. తిడుతుందనుకున్నాను. కిటికీ కింద గట్టు మీద కూలబడి, "సరే, మొదట్నించీ చెప్పు," అంది.

చెప్పాను. ఎండ గోడ దిగేదాకా చెప్పాను. నా అభిప్రాయాలన్నీ కలిపి చెప్పాను. విలన్ల వాగుడు దగ్గర పకపకా నవ్వింది. మధ్యలో ఒక్క ప్రశ్న అడిగింది. "వాళ్ళమ్మ ఏం చేస్తా ఉంది ఇదంతా జరిగేటప్పుడు?"

"వాళ్ళమ్మ గురించి రాయలేదు అవ్వా."

"ఏం రాతమ్మా అది!" అంది విసుగ్గా. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాట అనే మనిషి కోసమే సెలవులంతా ఎదురుచూసినట్టనిపించింది. పోయేముందు ఊచల మధ్య చెయ్యి పెట్టి నా చెంప నిమిరింది.

ఆ బుధవారం మనవులు అడిగినప్పుడు అవ్వ లేచింది. అందరిముందూ నా పరువు తీస్తుందేమోనని పక్కనున్నవాళ్ళ వెనక్కి జరిగాను. ఆ రోజు నాన్న కూడా తొందరగా వచ్చి తలుపు పక్కన కూర్చుని ఉన్నాడు.

"ఓడలో ఉండే బిడ్డ ఇంకా బయటికి రాలేదు," అంది అవ్వ. "నేను పోయి కళ్ళారా చూసొచ్చినా. అన్నం నీళ్ళకి కరువు లేదు. మాట్లాడే దిక్కే లేదు. పొద్దంతా కిటికీ దగ్గర కూర్చోనుంది. తాళం వేసినోళ్ళు చెడ్డోళ్ళు గాదు, వాళ్ళకీ వేరే దారి లేక వేసినారు. వాళ్ళ కోసం గూడా ప్రార్థన చెయ్యండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు అంతసేపు నేను చెప్పింది ఏం విన్నట్టు? ఓడ అడుగున కిటికీ ఎక్కడుంటుంది? తాళం వేసినవాళ్ళు చెడ్డవాళ్ళే, అట్ట వెనక రాసి కూడా ఉంది. సరిచేద్దామని లేవబోతూ నాన్న వైపు చూశాను. ఆయన తల దించుకుని ఉన్నాడు. అందరి ప్రార్థనా అయిపోయి "ఆమెన్" అన్నాక కూడా ఎత్తలేదు. అప్పుడు అర్థమయింది నాకు, ఎవరి గురించి చెబుతోందో.

మర్నాడు పొద్దున్నే నాన్న తాళం వేశాడు గానీ, లాగి చూడలేదు. కాసేపటికే తలుపు తెరుచుకుంది. అవ్వ నిలబడి ఉంది, చేతిలో మా తాళంచెవి. "రామ్మే, పిండి రుబ్బాలి. ఆ పుస్తకాలు గూడా తెచ్చుకో," అంది.

అమ్మ ఆ ఏడు రాలేదు, మరుసటేడూ రాలేదు. ఆ బెంగ తీరేది కాదు, అవ్వ పొయ్యి దగ్గర కూర్చున్నా తీరలేదు. కానీ మాట్లాడి మాట్లాడి సాయంత్రానికి గొంతు బొంగురుపోవడం మొదలైంది.

మొన్నామధ్య నెల్లూరులో పాత పుస్తకాల షాపులో ఆ రెండో భాగం కనిపించింది. నిలబడే చదివేశాను. హీరో బెల్టు బకిల్‌తో లోపలి నుంచే తాళం ఊడదీసుకుని, ఎవరి సాయమూ లేకుండా, ఒక్కడే బయటికి వస్తాడు. పుస్తకం మళ్ళీ అరలో పెట్టేసి వచ్చాను. అవ్వ ఉండి ఉంటే చెప్పేదాన్ని. నేను నమ్మను అవ్వా, రాసినాయన ఎప్పుడూ లోపల ఉండి ఉండడు.