పెద్దమ్మ ఒప్పుకున్న నవల

మొన్న దసరా సెలవులకు వచ్చిన మా అమ్మాయి కూతురు నా మంచం మీద బోర్లా పడుకుని ఫోను చూస్తూ, నెల రోజుల్లో నవల రాసే పందెంలో తానూ చేరానని, ఎక్కడెక్కడి పిల్లలో ఇలా రాస్తున్నారని, అయితే ఎలాంటి నవల రాయాలో తేలక తిండి కూడా సహించడం లేదని చెప్పింది. దయ్యాలదా, హత్యలదా, ప్రేమదా అని తనలో తానే కాసేపు తర్కించుకుని, చివరికి "నువ్వు గూడ గిట్లనే రాసినవంట గదా అమ్మమ్మా, నువ్వెట్ల తేల్చుకున్నవ్?" అని అడిగింది. చిన్నపిల్ల కదా అని ఏదో సర్దిచెప్పి పంపాను. నా ఈడు వాళ్లయిన మీ దగ్గర దాచడం దేనికి, నా నవల ఎలాంటిదో నేను తేల్చుకోలేదు. మా పెద్దమ్మ తేల్చింది, అదీ ముందరి పళ్లు పీకించుకున్న నోటితో.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులవి, ఇంకా ఎస్‌టీడీ బూతుల ముందు జనం వంతు కోసం నిలబడే రోజులు. నేను ఆర్మూరులో బడిపిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. ఆదివారం మధ్యాహ్నాలు ఒక పసుపు దుకాణం మీది గదిలో మా చర్చా మండలి కూర్చునేది. కింద బస్తాలు విప్పినప్పుడల్లా పసుపు దుమ్ము మెట్లెక్కి వచ్చి, దేవుడు లేడనే వాడి తెల్లచొక్కానూ ఉన్నాడనే వాడి తెల్లచొక్కానూ ఒకే రంగు చేసేది. జాతకాలనూ వాస్తునూ కులాన్నీ మేము అక్కడ చీల్చి చెండాడేవాళ్లం, గొంతులు పోయేదాకా అరుచుకునేవాళ్లం, కానీ ఏ వాదమూ ఆ మెట్లు దిగి ఊళ్లలోకి వెళ్లేది కాదు. ఈ సంగతి మొదట గుర్తించింది మా మేనమామ, మండలికి పెద్ద దిక్కు ఆయనే. వ్యాసాలకు తలలూపేది మనవాళ్లే, నవలయితే ఎదుటివాడి వంటింటి దాకా పోతుంది, కాబట్టి ఈ పసుపు ఉడకబెట్టే నెల ముగిసేలోగా ఒక్కొక్కరూ ఒక నవల రాసుకురావాలని పందెం పెట్టాడు.

ఎవరు ఏ రకం నవల రాయాలన్న దాని మీదే ఒక పూటంతా కొట్టుకున్నాం. ఒకరు బీడీ కార్ఖానాల మీద రాస్తానన్నారు, ఒకరు నైజాము కాలం మీద అన్నారు. మండలిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, నాకు తమ్ముడి వరుసయ్యే ఒకడు తేలికైన దారి చూపడానికి ముందుకొచ్చాడు.

"నువ్వు సంసారాల మీద రాయక్కా, నీకు అల్కగైతది."

"సంసారాల మీదనే రాస్త తమ్మీ. ఖూనీలు గక్కడనే మస్తుగైతయ్."

అందరూ నవ్వారు, మామ తప్ప. నువ్వు గెలిచే నవల రాయి బిడ్డా, చేతబడి ఉందనే వాళ్ల నోళ్లు ఊరి నడుమ మూతపడే నవల రాయి, అది నేను చేసి చూపిస్తాను, నువ్వు చూసి రాయి అన్నాడు.

ఎవరిని తలచుకుని ఆయన ఆ మాట అన్నాడో నాకు తెలుసు. భీమ్‌గల్ వైపు ఊళ్లో ఆయన సొంత అక్క, అంటే మా పెద్దమ్మ, మొగుడు పోయాక ఒంటరిగా పసుపు పండించుకుంటూ ఉండేది. ఎవరినీ చెయ్యి చాచి అడగని మనిషి, మాట కారం, నవ్వితే వీధి చివరికి వినిపించేది. గోడ అవతలి ఇల్లు ఆమె మరిదిది. ఆ మరిది కోడలికి వరసగా కడుపులు పోయాయి. దానికి తోడు ఆ ఏడు, అందరూ వంతులవారీగా పసుపు ఉడికించుకునే పెద్ద కడాయిలో, పెద్దమ్మ వంతు తర్వాత పోసిన మరిది పసుపు రంగు చెడి నల్లబడింది. రెండూ కలిపి పెద్దమ్మ మీద పెట్టారు. ఎక్కువసేపు ఉడికితే పసుపు రంగు చెడుతుందని ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఒంట్లో రక్తం లేని పిల్లకు కడుపు నిలవడం కష్టమని దవాఖానలో నర్సమ్మ చెప్పనే చెప్పింది. అయినా తెలిసిన కారణాన్ని పక్కకు తోసి తెలియని కారణాన్ని వెతుక్కుంటారే, దాన్ని అజ్ఞానమని జాలిపడడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. అది సోమరితనం, దానికి మేత కావాలి, ఆ మేత ప్రతిసారీ ఒంటరి ఆడదే అవుతుంది.

ఆ తర్వాతి ఆదివారం మామ మమ్మల్ని వెంటబెట్టుకుని ఆ ఊరికి పోయి, పంచాయతీ ఆఫీసు ముందు జనాన్ని పోగుచేశాడు. అప్పట్లో మా బోటి హేతువాదులకు అదొక ఆచారం లాంటిది: చేతబడి నిజమైతే నా మీద చేయించండి అని ఒంటిని పణంగా పెట్టి సవాలు చేయడం. మామ అందరూ చూస్తుండగా తన వెంట్రుకలు, గోళ్లు కత్తిరించి, తమలపాకులో పొట్లం కట్టి, పెద్దమ్మ ముందు పట్టుకుని నిలబడ్డాడు. వచ్చే పున్నమిలోగా ఈమె నన్ను చంపగలిగితే చంపనివ్వండి, నేను చావకపోతే ఊరంతా ఈమె కాళ్లు మొక్కాలి అన్నాడు. చప్పట్లు కొట్టింది మండలివాళ్లమే. పెద్దమ్మ వెనక్కి జరిగింది.

"గవ్వి నా చేతుల వెట్టకురా తమ్మీ. ఊరంత సూస్తున్నది."

"సూడాల్ననే గద అక్కా."

"నీకు సమజైత లేదురా. ఎంటికెలు వట్టుకున్న చెయ్యి ఎసొంటి చెయ్యో ఈళ్లకు ఎర్కే."

మామ వినలేదు. ఆమె గుప్పిట విప్పి పొట్లం పెట్టి, వేళ్లు మూసి, జనం వైపు తిరిగి ఉపన్యాసం అందుకున్నాడు. వాదాల్లో పెరిగినవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు అది. మనం విసిరిన సవాలు ఎదుటివాడికి అర్థమైందనుకుంటాం, వాడికి కనిపించింది మాత్రం ఆ పొట్లం. నేనైతే ఆ వారమంతా ఉత్సాహంగా రాశాను, ఊరు ఊరంతా వంగి కాళ్లు మొక్కే చివరి అధ్యాయం ముందే రాసిపెట్టుకున్నాను.

పున్నమి ఇంకా రాకముందే మామకు చలిజ్వరం పట్టుకుంది. నిజామాబాదు దవాఖానలో రక్తం చూసి మలేరియా అన్నారు. దోమకు మా సవాళ్ల సంగతి ఏం తెలుసు. ఆ కబురు బస్సెక్కి ఊరు చేరింది. తోడబుట్టిన వాడినే తింటున్నది, ఇక మనమెంత అనుకున్నారు. పెద్దమ్మను ఇంట్లోంచి ఈడ్చి ఒళ్లంతా వెతికితే, ఆ పొట్లం ఆమె కొంగు ముడిలో దొరికింది. తమ్ముడి తల వెంట్రుకలు పదిమంది తొక్కే చోట పారేయడానికి ఆమెకు మనసొప్పలేదు, అంతకన్నా అందులో ఏమీ లేదు. కానీ జ్వరమూ పొట్లమూ రెండూ దొరికాక ఆ ఊరికి ఇంకే రుజువు కావాలి?

ఆ ఊరి వాడే, మా సంగతి తెలిసిన ఒకాయన, బూతు నుంచి ఫోను చేసి చెప్పాడు. బతికున్నానని నేనే కనబడాలి అంటూ మామ సెలైన్ సూది తానే పీకేసుకుని లేచాడు. దుప్పటి కప్పి, మండలి కుర్రవాళ్లు ఇద్దరు చెరోవైపు పట్టుకుంటే, జీపు మాట్లాడుకుని పోయాం.

మేము పోయేసరికి ఊరి చివర కళ్లంలో కడాయి పొగలు కక్కుతూ ఉంది, పెద్దమ్మను పసుపు మెరుగుపెట్టే డ్రమ్ము ఇనుప కాళ్లకు కట్టేసి ఉంచారు. చేతబడి చేసేవాళ్ల పళ్లు పీకితే మంత్రం సరిగా పలకదని, పలకని మంత్రం పారదని మా వైపు ఒక నమ్మకం. బోరు మోటార్లు విప్పే పట్కారు మరిది చేతిలో ఉంది. "నోరు తెరువు వదినె" అంటున్నాడు. ఏనాడూ ఆమెకు ఎదురు మాట్లాడని మనిషి, అప్పుడు కూడా అదే మెత్తని గొంతు, అదే వరుస. అప్పటికే ముందరి పళ్లు ఊడి వచ్చాయి. మేము జనంలోంచి తోసుకుని వెళ్తుండగానే ఇంకొకటి పచ్చికట్టె విరిచిన చప్పుడుతో వచ్చింది. నెత్తురు గడ్డం మీదుగా జాకెట్టులోకి దిగి, కింద ఆరబోసిన పసుపు కొమ్ముల మీద చిమ్మింది. ఆమె కేకలు కేకల్లా లేవు, నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టు ఉన్నాయి.

మామ దుప్పటి తీసి పారేసి, నేను బతికే ఉన్నాను చూడండి అన్నాడు. చూశారు. చూసి, సగం పానం గుంజింది, పండ్లన్నీ ఉంటే మొత్తం గుంజుతుండె అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆయన ఆ నెత్తుటి ముందు నిలబడి దోమ గురించి, దోమ కుడితే వచ్చే జ్వరం గురించి వాదం మొదలుపెట్టాడు. చలికి దవడలు కొట్టుకుని మాట ముక్కలవుతుంటే, మంత్రం నాలుక పట్టేసింది అన్నారు. ఆ వాదం నడుమనే ఆయన కూలిపోయాడు.

నేను కడాయి పక్కనున్న కలియబెట్టే కర్రను తీసుకుని మరిది మణికట్టు మీద కొట్టాను. పట్కారు పడిపోయింది. మళ్లీ కొట్టాను, చెయ్యి విరిగింది. హింసకు వ్యతిరేకంగా పేజీల కొద్దీ రాసినదాన్ని, ఆ దెబ్బకు మాత్రం ఈనాటికీ విచారించలేదు. తర్వాత జనం మా మీద పడ్డారు. రాళ్లకు జీపు అద్దాలు పోయాయి, మా కుర్రవాళ్లలో ఒకడి భుజం ఎముక విరిగింది, నా కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి కారుతుంటే ఎవరో జుట్టు పట్టి దీన్ని గూడ కడాయిలెయ్యుండ్రి అంటూ లాగారు, వీపు మీద ఆవిరి మండింది. ఫోను చేసినాయనే చెప్పి పంపితే భీమ్‌గల్ నుంచి పోలీసు జీపు వచ్చింది, అది వచ్చి ఉండకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. కేసు అయింది, కొందరు లోపలికి పోయారు, కొన్నాళ్లకే బెయిలు మీద వచ్చారు, రాజీ మాటలు మొదలయ్యాయి.

పెద్దమ్మను మా ఇంటికి తెచ్చుకున్నాను. వాచిన నోట్లోకి గరిటెతో గంజి పోస్తూ, మిగతా సమయమంతా రాస్తూ కూర్చునేదాన్ని. గెలిచే నవలను చించి పొయ్యిలో పెట్టాను. కొత్త నవలలో ఒక అమ్మాయి పట్కారు పట్టుకుని ఊళ్లో ఇల్లిల్లూ తిరుగుతుంది, ప్రతి అధ్యాయంలో ఒక నోరు ఖాళీ చేస్తుంది. నిజం చెప్పాలంటే నా జన్మలో అంత ఇష్టంగా ఏదీ రాయలేదు. కాస్త తేరుకున్నాక ఒకనాడు పెద్దమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు కళ్లు మూసుకుని వింది.

"గీ పొల్ల ఇంకెన్ని ఇండ్లు తిర్గుతది బిడ్డా?"

"ఊరంత తిర్గుతది పెద్దమ్మా."

"అంటే ఊర్ల ఒక్కనికి పండ్లుండయ్. మక్క గుడాలు ఎవ్వలు తినాలె మరి?"

ఉడికించిన మక్కజొన్న గింజలంటే ఆమెకు ప్రాణం, ఇక తాను నమలలేనని తెలిసే అన్నది. ఆమె చెంగుతో నోరు అదుముకుని మళ్లీ అందుకుంది.

"నీ మామకు జెరమొస్తె నా పండ్లు వోయినయ్. నీకు కోపమొస్తె ఊరోళ్లయి వోతున్నయ్. నడుమ అసలు ఏమైందో ఎవ్వలు రాయకపోతిరి."

అప్పుడే చెప్పింది, ఊరికి తిరిగి పోతానని. నేను కేకలేశాను, ఈసారి ప్రాణమే తీస్తారన్నాను. "పోకపోతె నేను మంత్రగత్తెనే అని ఖాయమైతది గద. నా ఇల్లు, నా పస్పు, నేనెందుకు ఇడిశి పెట్టాలె? నువ్వు ఏమైందో అది రాసి నా వాకిట్ల సదువు. పేర్లు రాయకు. పేర్లు పోలీసోళ్ల కాడ ఉన్నయ్. వరుసలు రాయి. నేను వాళ్లకు ఏమైతనో వాళ్లకు ఎర్కగావాలె."

అలా నా నవల ఎలాంటిదో తేలింది. రాయడం పూర్తయ్యేసరికి పందెం గడువు దాటిపోయింది. జ్వరం తగ్గిన మామ చదివి, ఇందులో మన వాదం ఎక్కడ గెలిచింది అని అడిగాడు. గెలవలేదు మామా అన్నాను. ఆయన ఆ కాగితాలు నా చేతికే తిరిగిచ్చాడు. ఆ తర్వాత ఏ ఊళ్లోనూ వెంట్రుకలు కత్తిరించి ఇవ్వలేదు.

పెద్దమ్మ తన ఇంటికి చేరిన మధ్యాహ్నమే, వాకిట్లో పసుపు రాశి పక్కన గోనెసంచి పరుచుకుని చదవడం మొదలుపెట్టాను. ఎవరో ఒకరు రాయి విసురుతారని చెవులు రిక్కించుకునే చదివాను. మొదట గోడల వెనక నుంచి విన్నారు, తర్వాత ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. చదువుతున్నకొద్దీ, తన వరుస వచ్చినవాడు లేచి వెళ్లిపోయేవాడు: బావ వరుసవాడు పోయాడు, కొడుకు వరుసవాడు పోయాడు. మరిది కట్టు కట్టిన చేతితో తన అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు, వినడమూ మానలేదు, ఇటు తిరగనూ లేదు. మరిది కోడలు ఆమె కాళ్లు అదిమి పట్టుకుంది అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి, గోడ అవతల నిలబడి ఉన్న ఆ పిల్ల గొంతు వినిపించింది.

"కాళ్లు గాదు. చేతులు వట్టుకున్న."

పెద్దమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది.

"అవ్, చేతులే. దిద్దు బిడ్డా."

నేను కలం తీసి కాళ్లు కొట్టేసి చేతులు అని రాశాను. ఆ పిల్ల చివరి పేజీ దాకా అక్కడే నిలబడింది. పెద్దమ్మ మీద ఆ ఊళ్లో మళ్లీ ఎవరి చెయ్యీ పడలేదు. బతికినన్నాళ్లూ ఆ ఇంట్లోనే, ఆ గోడ పక్కనే బతికింది.

ఇప్పుడు ఆ కళ్లంలో ఆవిరితో పసుపు ఉడికించే యంత్రం నిలబడింది, వంతుల మాట లేదు, గోడలు తలకు మించి లేచాయి. మూఢనమ్మకం ఎక్కడికీ పోలేదు, ఫోన్లలో పడి తిరుగుతోంది. ఎక్కడో ఎవరినో పిల్లలనెత్తుకుపోయే దొంగ అని కొడతారు, కొట్టేవాడికి పడేవాడెవరో తెలియదు, చూసేవాడికి ఇద్దరూ తెలియరు. ఆ కాలం మంచిదని నేను అనను, ఆ పట్కారును చూసిన కళ్లు అలా అనలేవు. అయినా ఆనాడు తప్పు చేసిన మనిషి గోడ అవతలే ఉండేది, పిలిస్తే పలికే దూరంలో. ఇప్పుడు పిలుద్దామన్నా ఎవరిని ఏ వరుసపెట్టి పిలవాలో తెలియడం లేదు.