కొత్తగానే ఉన్న కారు

అట్టలాయనంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. లైబ్రరీలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి, ప్రతి పుస్తకానికీ అట్ట వేసి, వీలైనంతవరకూ ఎవరి చేతికీ ఇవ్వకుండా కాపాడిన మహానుభావుడు. చదివితే పుస్తకం నలిగిపోతుందని ఆయన బెంగ. అలాంటి మనిషి పదకొండేళ్ళ కిందట కారు కొన్నాడు. ఇక చూడండి దాని భాగ్యం!

పొద్దున్నే కవరు తీయడం, మెత్తటి గుడ్డతో తుడవడం, మీటరు చూసి మురిసిపోవడం, మళ్ళీ కవరు కప్పడం. తిప్పినకొద్దీ బండి ఆయుష్షు కరిగిపోతుందని ఆయన సిద్ధాంతం. పదివేల కిలోమీటర్లకి ఆయిల్ మార్చాలని కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంది. ఈయన తిప్పింది మొత్తం నాలుగువేలు. ఇంకేం, మార్చే పనే లేదు! 'లేదా ఏడాదికోసారి' అన్న ముక్క దాని కిందే ఉంది గానీ, ఆ పుస్తకానికీ అట్ట వేసి బీరువాలో దాచేశాడాయె.

ఆయన భార్యకి ఒక్కతే అక్క. నాలుగు గంటల దూరం. బస్సెక్కితే ఈవిడకి ఒకటే వాంతులు. "మన కార్లో హాయిగా వెళ్ళొద్దాం" అని కొన్న రోజే మాటిచ్చాడు. ఆ తర్వాత ఎప్పుడడిగినా "చూద్దాంలే". పోనీ టాక్సీలో వెళ్తానంటే, "ఇంట్లో కారు పెట్టుకుని టాక్సీ ఏమిటి, నలుగురూ నవ్వరూ?"

ఒకరోజు అక్క ఫోన్ చేసింది. "కళ్ళు మసకబారుతున్నాయే. ఇక బాగవ్వవని డాక్టరు చెప్పేశాడు. ఈ కాస్త చూపు ఉండగానే నీ మొహం చూడాలనుంది."

మర్నాడు పొద్దున్నే ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని కార్లో కూర్చుంది. ఆయన తాళం తిప్పాడు. చడీ చప్పుడూ లేదు. మెకానిక్కు వచ్చి బానెట్ ఎత్తితే లోపల ఎలకలు పిల్లాపాపలతో కాపురముంటున్నాయి. వైర్లన్నీ కొరికేశాయి.

"రబ్బరు గొట్టాలు పెళుసెక్కాయి, టైర్లు బీటలు తీశాయి, ఆయిల్ జిడ్డు కట్టింది. తిరిగి పాడవలేదండీ ఇది, నిలబడి పాడైంది. వారం పడుతుంది" అన్నాడు మెకానిక్కు.

ఆవిడ కారు దిగింది. సంచీ తీసుకుని ఎదురింటికెళ్ళి అక్కడుండే టాక్సీ డ్రైవర్ని పిలుచుకొచ్చి, అతని బండి ముందు సీట్లో కూర్చుంది. ఆయన నోరు మూసుకుని వెనక ఎక్కాడు. కానీ ఎంతసేపని ఊరుకుంటాడు? మెడ చాచి మీటరు చూశాడు. మూడు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు!

"ఇది దారిలో ఆగిపోదుటోయ్?"

"ఆగితే నా ఇల్లెలా గడుస్తుంది బాబాయిగారూ? ఆయిలూ కూలెంటూ టైముకి మారుస్తా. కొత్త చప్పుడు వినిపిస్తే ఆ రోజే షెడ్డుకి తీసుకెళ్తా. రోజూ నడుపుతా కాబట్టి దాని బాధ నాకు తెలిసిపోతుంది."

మధ్యాహ్నానికి అక్క ఇల్లు చేరారు.

అక్క చెల్లెల్ని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, గడ్డం పట్టుకుని, వెలుగుకి తిప్పి తిప్పి చూసింది. "జుట్టంతా తెల్లబడిపోయిందేమే! ఎప్పుడింత ముసలిదానివయ్యావే!" అంటూ బావురుమంది.

ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. "వచ్చే నెల మన కార్లోనే వద్దాంలే. ఎంతైనా కొత్తదానిలాగే ఉందిగా" అన్నాడు.

ఆవిడ అక్క చెయ్యి వదల్లేదు. "అవునండీ, అది కొత్తగానే ఉంది. పాతబడింది మేమిద్దరమే" అంది.