విసుర్రాయి తిప్పిందెవరు?

ఈ రోజు మొదటి షిఫ్టు దిగి, మా అమ్మను కమాన్‌పూర్ అవతల ఉన్న పాత గడికి తీసుకెళ్లాను. ఒకప్పుడు దొర కుటుంబం ఉన్న ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మా అమ్మమ్మ లచ్చవ్వ అందులోనే వెట్టి చేసింది.

వంటింట్లో విసుర్రాయి చూపిస్తూ గైడ్, "ఈ ఇంటి ఆడవాళ్లు ఎంత కష్టజీవులంటే, రోజూ జొన్నలు స్వయంగా విసిరేవాళ్లు" అన్నాడు.

అమ్మ ఊరుకోలేదు. "దొరసానులు ఏనాడు ఇసిరిండ్రు బిడ్డా? ఇసిరింది మా అవ్వ. నేను పక్కన గోనెసంచి మీద పండుకునేదాన్ని. ఆమె చేతులకు బొబ్బలు లేని రోజు లేదు."

"బోర్డు మీద గట్ల లేదు గదవ్వా" అన్నాడతను.

అమ్మ రాయి పిడి పట్టుకోబోతే ముట్టొద్దని గదమాయించి, దొర తుపాకీ ఉన్న గదిలోకి నడిచాడు. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

వచ్చేటప్పుడు అభిప్రాయాల పుస్తకంలో "ఈ విసుర్రాయి తిప్పింది లచ్చవ్వ" అని రాశాను. గైడ్ చదివి, "ఇందుల మంచి మాటలు రాయాలె అన్నా" అన్నాడు.

ఇంతకంటే మంచి మాట నాకు తెలియదు. మీ ఇళ్లలో కూడా గడీల్లో చాకిరీ చేసినవాళ్లుంటే వాళ్ల పేర్లు కింద రాయండి. బోర్డుల మీద ఎలాగూ రాయరు.