సముద్రానికి వీపు పెట్టిన బొమ్మ

"తలుపు మూసుకో, ఇసక వస్తాది," అన్నాడు ఆయన, చేపల వేటకు పోతూ. "పోయేవాడివి, నీకెందుకులే," అన్నాను. మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. ఆ సాయంత్రం గాలి తిరిగింది. పడవ వచ్చింది గానీ మా ఆయన రాలేదు. శవం కూడా ఒడ్డుకు కొట్టుకురాలేదు.

శ్రీహరికోటలో అప్పటికి రాకెట్ల మాటే లేదు, సరుగుడు తోపులే. ఫోటో తీయించుకోవాలంటే గూడూరు పోవాలి. అందుకని మేం ఎప్పుడూ పోలేదు.

పెద్దలకు బట్టలు పెట్టే రోజు దగ్గరపడింది. పంచె దేని ముందు పెట్టేదని అత్త ఏడ్చింది. నా భయం వేరు. ఆయన ముఖం నాకు జారిపోతూ ఉంది. ఎడమ రెప్ప కాస్త వాలి ఉండేది, కింది పెదవి మీద బీడీ కాలిన మచ్చ. అవి గుర్తే. రెండూ కలిపి ఒక ముఖంగా చూద్దామంటే కుదరడం లేదు.

మా అన్న, నేను చెబుతుంటే ఇది రాస్తున్న ఈ పిల్ల తండ్రి, గూడూరులో అంగళ్లకు బోర్డులు రాసేవాడు. మమ్మల్ని చూసిపోవడానికి వచ్చినప్పుడు బొమ్మ గీసిపెట్టమంటే, కాపురం చేసినదానివి, నీకు తెలిసినంత నాకు తెలుసా, నువ్వే గీయి అన్నాడు. అట్ట మీద బొగ్గుతో మొదలు. కళ్లు తలకు సగంలో ఉంటాయట. నేను నొసటి మీద పెడుతున్నానని నవ్వాడు. "నల్లోడని నల్లరంగు పూయబాక. ఎరుపులో నీలం కలుపు. దూరంగా ఉండేది పాలిపోవాల," అన్నాడు. వెనక సముద్రం వేశాను, అంచుకు పోయేకొద్దీ తెల్లగా. దాని ముందు ఆయన ముఖం లేచి నిలబడింది. ఆ పూట కడుపు నిండా తిన్నాను.

అత్త ముఖం చూడనే లేదు. "గంగమ్మకు వీపు పెట్టి నిలబెట్టినావే. నా కొడుకు ఏనాడన్నా అట్టా నిలబడినాడా?" అంది. నిజమే, వేటకు పోయేవాడెవడూ అలా నిలబడడు. కానీ ముఖం కనబడాలంటే ఇటు తిరగాలి. ఇటు తిరిగితే సముద్రం వెనకే. అన్నకూ ఉపాయం తోచలేదు.

సముద్రం మీద సరుగుడు తోపు పూశాను. ఆ పచ్చలో ముఖం మునిగిపోయింది. చెంపలు తేల్చాను, రెప్ప దిద్దాను, మళ్లీ దిద్దాను. అత్త చాలాసేపు చూసి, "బాగుండాడు. ఎవురు?" అంది. పంచె మాత్రం దాని ముందే పెట్టింది.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే తోపు ముందు మనిషే వస్తాడు. పాపా, రెప్ప, మచ్చ అని చెప్పినానే, ఆడ మళ్లీ చదివి వినిపించు. నేను చెప్పింది మీ మామ ముఖమో, బొమ్మలోదో వినాల.