మాకు యాప్ లేదు, బస్సు ఉంది

ఎవరు కలిసినా మొదటి ప్రశ్న అదే. "మేడం, మీ యాప్ పేరేంది?" లేదంటాను. నమ్మరు. ఉండి కూడా దాచుకుంటున్నానేమో అన్నట్టు చూస్తారు. మొన్న సంగారెడ్డిలో ఒక పెళ్ళిలో, బిర్యానీ ప్లేటు చేతిలో పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన అయితే నా మీద జాలి కూడా పడ్డాడు. "ఈ కాలంల యాప్ లేకుంటె ఎట్ల నడుస్తది మేడం? కూరగాయలాయన గూడ యాప్ పెట్టిండు" అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అయితే పోయి వంకాయలు కొనుక్కోండ్రి, కబడ్డీ స్కోరు నన్నెందుకు అడుగుతుండ్రు?" అనేశాను. ఆయన ప్లేటు తీసుకుని వేరే బల్ల దగ్గరికి పోయాడు.

నేను ఒకప్పుడు కబడ్డీ ఆడినదాన్ని. తర్వాత పటాన్‌చెరులో ఒక ప్రైవేటు స్కూల్లో చాలాకాలం ఆటల టీచరుగా పనిచేశాను. ఇప్పుడు నేనూ మా తమ్ముడూ కలిసి మా చుట్టుపక్కల ఆటల కోసం ఒక పత్రిక నడుపుతున్నాం. కాగితం మీద కాదు, ఫోనులో తెరుచుకునే వెబ్‌సైటు. ఊళ్ళ మధ్య కబడ్డీ, కంపెనీల మధ్య వాలీబాల్, ఆదివారం టెన్నిస్ బంతితో క్రికెట్, పెద్ద పేపర్లు జిల్లా పేజీలో మూలకు కూడా రానివ్వని ఆటలన్నీ మావే. రాసేది నేను. కంప్యూటర్ సంగతులు చూసేది తమ్ముడు. వాడు వారమంతా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, సెలవు రోజున మా ఇంటికొచ్చి నా మీద పెత్తనం చేస్తాడు.

మా పాఠకులు ఎవరో చెబితే సగం సంగతి అర్థమవుతుంది. బొల్లారంలో మందుల కంపెనీలకు, రసాయనాల కంపెనీలకు షిఫ్టులకు పోయేవాళ్ళు. చాలా కంపెనీల్లో ఫోను గేటు దాటనివ్వరు. పొద్దున అరలో పెట్టి తాళం వేసిన ఫోను షిఫ్టు దిగాకే చేతికొస్తుంది. ఆ తర్వాత కంపెనీ బస్సెక్కి ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటారనుకుంటున్నారేమో, అదేం లేదు. ఒకరి ఫోనులో చార్జింగ్ ఉండదు. ఇంకొకరికి నెట్ అయిపోయి ఉంటుంది. ఇంకొకాయన కిటికీకి తల ఆనించి అప్పటికే గురక పెడుతుంటాడు. అందుకని ప్రతి బస్సులో ఒక చదివే మనిషి తయారయ్యాడు. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, మేము పంపిన లింకు నొక్కి, ఇంజను మోతను మించిన గొంతుతో స్కోరు చదువుతాడు. బీహార్ నుంచీ ఒడిశా నుంచీ వచ్చినవాళ్ళ కోసం మధ్యమధ్యలో హిందీలోనూ చెబుతాడు. బస్సు మొత్తానికి ఒక్క ఫోను. మా తమ్ముడి కంప్యూటర్ లెక్కలో మాత్రం ఆ బస్సంతా కలిసి ఒక్క మనిషి.

ఇక ఆ ఫోన్ల వాలకం చెప్పాలి. లక్డారం వైపు పోయే బస్సులో చదివే ఆయన నాకు బాగా తెలుసు. ఏ స్కోరు ఆలస్యమైనా ఫోన్ చేసి గొడవపడతాడు. ఆయన్ని ఒకసారి అడిగాను, "అన్నా, మేము యాప్ తెస్తే పెట్టుకుంటవా?" అని.

"ఏడ పెట్టుకోవాలె మేడం? మా పిల్లల బతుకమ్మ ఫోటోలు తీసేసి నీ యాప్ పెట్టుకోవాల్నా?" అన్నాడు.

"కొన్ని ఫోటోలు తీసెయ్ మరి."

"తీసినా రాదు మేడం. ఫోను గొన్నప్పుడు మొబైల్ షాపాయననే అన్ని జేసిచ్చిండు. పాస్‌వర్డు ఆయన దగ్గర్నే ఉన్నది. ఆయనేమో దుకాణం ఎత్తేసి పోయిండు."

నేను పడీపడీ నవ్వాను. తర్వాత ఊరికే ఉండలేక ఇంకో నలుగురిని అడిగితే వాళ్ళదీ అదే కథ. ఫోను వాళ్ళది, దాని తాళంచెవి ఇంకెవరిదో. ఇగ నవ్వు రాలేదు. లింకయితే ఏ తాళమూ అడగదు, నొక్కితే తెరుచుకుంటుంది. చదివి మూసేస్తే ఫోనులో చోటూ తినదు. యాప్ వద్దని నేను గట్టిగా అనుకున్నది ఆ రోజే.

తమ్ముడు ఒప్పుకుంటేగా! "అక్కా, జెర సమజ్ చేస్కో. యాప్ ఉంటె మనకు ఎంతమంది ఉన్నరో చూపియ్యొచ్చు. ప్రకటనలిచ్చేటోళ్ళు ముందుగాల గదే అడుగుతుండ్రు. మ్యాచ్ షురూ కాంగనే ఫోను టింగుమంటది."

"టింగుమనేది ఏడరా? గేటు కాడ తాళమేసిన డబ్బాలనా?"

"నీకు జెప్పుడు, గోడకు జెప్పుడు ఒక్కటే."

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని దెప్పేవాడు. ఉలిపికట్టెనే అనుకో పో అన్నాను. ఉన్న ఒక్క వెబ్‌సైటు సరిగ్గా తెరుచుకునేలా చూసుకోవడానికే మాకు తల ప్రాణం తోకకొస్తుంటే, దాని పక్కన ఇంకోటి కట్టి రెండూ చూసుకోవాలట. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. వాడు నా మాట వినకుండా సెలవులన్నీ పెట్టి యాప్ తయారుచేశాడు. చేసుకో, నేను మాత్రం ముట్టను అన్నాను.

ఈ రగడ నడుస్తుండగానే లక్డారం అమ్మాయి సంగతి వచ్చిపడింది. ఆ పిల్ల ఇంటర్ పూర్తి చేసింది. మా స్కూల్లో ఉన్నప్పటి నుంచీ ఆమె ఆట చూస్తున్నాను. ఆ పిల్ల కూతకు వస్తోందంటే ఎదుటి జట్టు వెనక గీతకు అతుక్కుపోయేది. ఒక క్రీడా హాస్టల్ కోచ్ ఆమెను చూసి ఎంపిక చేసుకున్నాడు. తండ్రి సంతకం పెట్టిన కాగితం ఒక్కటే కావాలి. పటాన్‌చెరులో ఆమె ఆడే ఊళ్ళ కబడ్డీ ఫైనల్ చూసి ఆ సాయంత్రమే వెళ్ళిపోతానని, తన దగ్గరున్న కాగితం మీద అప్పటికి సంతకం పడాలని కోచ్ చెప్పాడు. తండ్రేమో పెట్టనన్నాడు. ఆయన బొల్లారంలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. కూతురిని అక్కడే ప్యాకింగ్ పనిలో పెట్టించడానికి కాంట్రాక్టరుతో అప్పటికే మాట్లాడేశాడు.

నేను వాళ్ళింటికి పోయాను. ఆయన కుర్చీ వేసి కూర్చోమన్నాడు. మర్యాదకేం తక్కువ లేదు.

"ఆటలు కూడు పెడ్తయా మేడం?"

"పెడ్తయి అన్నా. నాకు పెట్టినయి."

"మీకు పెట్టినయి. మీతోటి ఆడినోళ్ళల్ల ఎంతమందికి పెట్టినయి?"

మాట మార్చి, "నీ బిడ్డ ఆట ఎన్నడన్న చూసినవా?" అని అడిగాను.

"నాకేడిది టైం?"

"ఫైనల్ నాడు రా అన్నా. ఒక్కసారి చూసి, ఆ తర్వాత నీ ఇష్టం."

"డ్యూటీ ఉన్నది. చాయ్ తాగి పోండ్రి" అన్నాడు. అంతటితో మాట ఖతం. గేటు దాకా వచ్చిన అమ్మాయి, "రాడు మేడం. మా నాయిన ఒకటంటె ఒకటే" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూస్తే నాకు ఇంకా పట్టుదల పెరిగింది.

"రాకుంటె రాకపాయె. బస్సుల అయితే కూసుంటడు గదా" అన్నాను.

ఆయన ఎక్కేది మన చదివే అన్న ఉండే బస్సే. ఫైనల్ మొదలయ్యే వేళకు మొదటి షిఫ్టు దిగి బస్సు బొల్లారంలో బయలుదేరుతుంది. లారీల మధ్య ఇరుక్కుంటూ పటాన్‌చెరు మీదుగా లక్డారం పోతుంది. చదివే అన్నకు ముందే ఫోన్ చేసి, ఒక్క కూత కూడా వదలకుండా చదవమని చెప్పాను. "అది గూడ జెప్పాల్నా మేడం?" అని నా మీదే విసుక్కున్నాడు.

ఫైనల్ రోజు గ్రౌండులో గీత పక్కనే బల్ల వేసుకుని కూర్చున్నాను. పక్కన తమ్ముడు, వాడి ల్యాప్‌టాప్. ప్రతి కూత అయిన వెంటనే ఫోనులో రాసి ఎక్కిస్తున్నాను. మన పిల్ల మొదటి కూతలోనే ఒక పాయింటు తెచ్చింది. నాకు అక్కడే లేచి గంతులేయాలనిపించింది. అంతలో ఫోను మోగింది. చదివే అన్న.

"ఏంది మేడం గిది? లింకు నొక్కితే యాప్ దించుకో అంటున్నది. దించుకుందమంటె జాగ లేదంటున్నది. ఆడ ఏం నడుస్తుంది? బస్సంత పరేషాన్!"

నేను తమ్ముడి వైపు తిరిగాను. వాడు తెర చూసుకుని మురిసిపోతున్నాడు. "ఒక్క ఫైనల్‌కే అక్కా. లింకు నొక్కినోళ్ళకు ముందుగాల యాప్ వచ్చేటట్టు పెట్టిన. సూడు, ఎట్ల దించుకుంటుండ్రో!" నిజమే, దించుకుంటున్నారు. కొత్త ఫోన్లున్న కాలేజీ పిల్లలు. నేను సైటుకు రాసే మనిషిని కాబట్టి నా ఫోనులో ఆ అడ్డం కనిపించలేదు. వాడు నాకు చెప్పలేదు.

"తియ్యిరా దాన్ని."

"ఆట సగమయ్యేదాక ఆగు అక్కా, నీకే సమజైతది..."

"ఆ పిల్ల నాయిన ఆ బస్సుల ఉన్నడురా! ఆయన ఇనాలె. ఇనకుంటె ఆ పిల్ల రేపటి సంది డబ్బాలు మూస్తది!"

వాడి ముఖం మారిపోయింది. "నాకెందుకు జెప్పలే?" అన్నాడు.

"నువ్వు తలుపేసినవని నాకు జెప్పినవా?"

వాడు ల్యాప్‌టాప్ మీద టకటకా కొట్టి ఆ అడ్డం తీసేశాడు. నేను అన్నను మళ్ళీ నొక్కమన్నాను. "అచ్చింది, అచ్చింది!" అన్నాడాయన. వెనక బస్సులో ఈలలు కూడా వినిపించాయి. ఆ పిల్ల నాయిన వింటున్నాడా అని అడిగాను. "ఎనక సీట్ల కండ్లు మూస్కోని ఉన్నడు మేడం. నిద్రనో, నాటకమో" అన్నాడు. ఫోను పెట్టేసి నేను ఒట్టు పెట్టుకున్నాను. నేను బతికున్నంత కాలం మా లింకుకు తలుపు ఉండదు. ఎవడు ఎగతాళి చేసినా సరే, ఏ దుకాణంవాడు ప్రకటన మానుకున్నా సరే. తమ్ముడు ఆ వారమే యాప్ తీసేశాడు. వాడి తెలివంతా ఇప్పుడు పేజీని ఇంకా తేలిక చేయడానికి పెడుతున్నాడు.

రెండో సగంలో మన పిల్ల ఒక కూతలో ముగ్గురిని ఔట్ చేసి వచ్చింది. గ్రౌండు దద్దరిల్లింది. నా చేతులు ఆగలేదు, రాస్తూనే ఉన్నాను. స్కోరు సమానమైంది. చివరి కూతకు ఆమే పోయింది. ఒక మూలనున్న అమ్మాయిని అందుకోబోయి మరీ లోపలికి పోయింది. మడమ వెనక గీత మీద పడింది. అంపైరు చెయ్యెత్తాడు. పాయింటు అవతలి జట్టుకు పోయింది. ఓడిపోయాం.

"కాలు గీత మీద పడింది, రైడరు ఔట్" అని రాయడానికి నా వేలు కదల్లేదు. అయినా రాశాను. జరిగింది జరిగినట్టు రాయకపోతే రేపు ఎవరు నమ్ముతారు? రాసి ఫోను బోర్లా పెట్టేశాను. ఏడుపు ఆగలేదు. గెలిచినా కరగడేమో అనుకున్న మనిషి, ఓడితే కరుగుతాడా? ఆ పిల్ల గ్రౌండు అంచున తల వంచుకుని కూర్చుంది. కోచ్ వచ్చి ఆమె భుజం తట్టి, సంచీ భుజాన వేసుకున్నాడు.

అప్పుడు రోడ్డు మీద కంపెనీ బస్సు ఆగింది. కంపెనీ బట్టల్లోనే ఆ పిల్ల తండ్రి దిగాడు. ఆయన వెనక చదివే అన్న, ఇంకో నలుగురు. తండ్రి దుమ్ములో పెద్దపెద్ద అంగలు వేస్తూ సూటిగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏడి ఆ అంపైరు?"

"ఏమైంది అన్నా?"

"ఏమైందంటరా? నా బిడ్డ ఒక్క కూతల ముగ్గుర్ని ఔట్ జేసింది. ముగ్గుర్ని! గట్లాంటి పిల్ల గీత దొక్కుతదా? బస్సుల ఒక్కడన్న ఒప్పుకుంటలేడు. గిది అన్యాయం గాదా?"

"నేను గూడ చూసిన అన్నా..."

"మీరు ఫోన్ల రాసుకుంట ఏం జూస్తరు మేడం!"

ఆ గొంతు విని అమ్మాయి లేచి వచ్చింది. మోకాలికి మట్టి, మోచెయ్యి గీరుకుపోయి నెత్తురు. తండ్రికి ఎదురుగా నిలబడింది.

"తొక్కిన నాయినా" అంది. "మడిమె పడ్డది. నాకు ఎరుకైంది. అంపైరుది తప్పులేదు."

చదివే అన్న తల గోక్కున్నాడు. రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. తండ్రి కూతురిని కింది నుంచి పై దాకా చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు.

"మరి దొక్కకుండ ఆడుడు ఎవరు నేర్పిస్తరు?" అని అడిగాడు.

ఆమె కోచ్ వైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఆ సారు."

"అయితే ఆ కాయితం తెమ్మను," అన్నాడు ఆయన. "జల్దీ. బస్సు పోతది."